రెండు కణాల కన్ను

నా డిజైన్ చూసి మా లీడు "ఇందులో సగం తీసేసినా పనవుతుంది కదా" అన్నాడు. రెండు వారాల కష్టం మరి, ఒళ్ళు మండింది.

ఆ రాత్రి నిద్రపట్టక, ప్లాటినెరీస్ అనే సముద్రపు పురుగు మీద 2008లో నేచర్‌లో వచ్చిన పేపర్ చదివాను. దాని లార్వాకి ఒక్కో కంటిలో రెండే కణాలు! ఒకటి వెలుతురుని పసిగడుతుంది, రంగు నిండిన రెండోది ఒకవైపు వెలుతురుకి అడ్డం పడుతుంది. లెన్సు లేదు. కబురు నేరుగా ఈతకి వాడే నూగున్న కణాలకే చేరుతుంది. ఆ పక్క ఈత మందగించి లార్వా అటే తిరుగుతుంది. మరి చుట్టూ చూసేదెలా? అది ఎలాగూ గిరగిరా తిరుగుతూనే ఈదుతుంది కదా!

నేనేమో పోలింగ్‌కి వేరే మాడ్యూల్ పెట్టాను. పాత షెడ్యూలర్ ఎలాగూ తిరుగుతూనే ఉంది. పొద్దున్నే వెళ్ళి పీకేశాను. లీడుకి పురుగు సంగతి మాత్రం చెప్పలేదు లెండి.