లారీ బడిలో మా చదువు

లారీ నడపుట నేర్చుకొనుటను గూర్చి పాఠశాల సంచికలో వ్రాయుట కొందరు చదువరులకు వింతగా తోచవచ్చును. గణితము చెప్పుకొను పంతులునకు పది చక్రముల బండితో నేమి పని యని యడుగువారును ఉందురు. ఈ ప్రశ్నను మొదట మా విద్యార్థులే యడిగిరి. తరగతి గదిలో వారికి చెప్పిన సమాధానము కొంచెమే కావున మిగిలినది ఇచ్చట వ్రాయుచున్నాము.

మా అన్నగారు భూపాలపల్లిలో నుందురు. వారికి సొంత లారీ యొకటి కలదు. సొంతమనగా ఇంకను ఇరువదిరెండు వాయిదాలు కట్టవలసిన సొంతము. చెల్పూరు విద్యుత్కేంద్రపు బూడిదను, మానుకోట మార్కెట్టు నుండి మిరపకాయలను, మొక్కజొన్నలను తోలుచు వారు ఇరువది సంవత్సరములు సంసారము నీడ్చిరి. మానుకోట యనగా మహబూబాబాదే; పెద్దలు ఇంకను ఆ పేరే వాడుదురు. 2024 సంవత్సరాంతమున మధుమేహము వారి కన్నులకు సోకెను. వైద్యులు మొదట రాత్రివేళ బండి తోలవద్దనిరి, పిమ్మట పగలును వద్దనిరి. కుమారుడు చేతికంది వచ్చినవాడే గాని వానికి అప్పటికి పందొమ్మిదేండ్లు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా బండి నడపువానికి ఇరువది యేండ్లు నిండియుండవలెను. జీతపు డ్రైవర్లు ఇద్దరు వచ్చిరి, ఇద్దరును వెళ్లిపోయిరి. బండి ఇంటి ముందు నిలిచిపోవచ్చును గాని వాయిదా నిలువదు గదా.

మాకు కారు నడపు లైసెన్సు పండ్రెండేండ్లుగా కలదు. చిన్న బండి లైసెన్సు ఒక సంవత్సరమైనను చేత నున్నవారికే పెద్ద బండి నేర్చుకొను అనుమతి నీయవలెనని ఆ చట్టములోనే యున్నది. కావున మా కుటుంబములో ఆ యర్హత గలవారము మేమొక్కరమే. వేసవి సెలవులలోనైన తోలి పెట్టుదమని పూనుకొంటిమి. సెలవు దినములలో మాత్రమే యను కట్టుబాటుతో కరస్పాండెంటుగారు సమ్మతించిరి. మా ఇంటివారు సమ్మతించుటకు అంతకంటె నెక్కువ కాలము పట్టెను.

2025 మార్చి మొదటి వారములో కన్నులు, చెవులు, కాలుసేతులు సరిగా నున్నవని వైద్యుని పత్రము తెచ్చి, శిక్షార్థి లైసెన్సు తీసికొంటిమి. అది ఆరు నెలలు చెల్లును. ముప్పది దినములు గడచిన గాని పరీక్షకు పోరాదు. ప్రతి ఉదయము బడి గంటకు ముందు జనగామలోని శిక్షణశాల బండిమీదను, ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట భూపాలపల్లిలో మా అన్నగారి బండిమీదను అభ్యాసము సాగించితిమి. భూపాలపల్లికి వరంగల్లు మీదుగా నూరు కిలోమీటర్లకు పైన ప్రయాణము. ఆ ప్రయాణమంతయు బస్సు డ్రైవరు వెనుక సీటున గూర్చుండి అతని ఎడమ కాలినే చూచుచు పోవుచుండెడివారము.

భూపాలపల్లిలో మాకు విద్య చెప్పినవారు అన్నగారి పాత స్నేహితులు; మానుకోట ప్రాంతమువారు; అరువది దాటినవారు. లారీవారి వాడుక ననుసరించి మేము వారిని ఉస్తాదు అని పిలిచితిమి, వారు మమ్ము సారు అనిరి. నాలుగవ తరగతితో వారి చదువు నిలిచెను. రవాణా డ్రైవరునకు ఎనిమిదవ తరగతి చదువు ఉండవలెనను నిబంధన యొకటి కొంతకాలము అమలులో నుండి 2019లో తొలగింపబడినది. ఆ మాట చెప్పినప్పుడు ఉస్తాదు, "సదువుకున్నోళ్లకు గూడ బండి అట్లనే అగుపడ్తది సారూ," అనిరి. అది ఓదార్పో ఎత్తిపొడుపో నేటికిని నిర్ణయింపలేకున్నాము.

నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932 జూన్ నెలలో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను తెరచిరి. ఆ కాలపు బండ్లలో గేరు మార్చుటకు క్లచ్చిని రెండు మారులు త్రొక్కవలసి యుండెడిది. గేరు పండ్లను సమవేగమునకు తెచ్చు ఏర్పాటు నేటి బండ్లలో నున్నది గాని, ఉస్తాదు మాచేత రెండు మారులే త్రొక్కించిరి. మొదటి త్రొక్కుడుకును రెండవ త్రొక్కుడుకును నడుమ ఇంజిను ధ్వని వినవలెను. అది వారి పాఠములో సగము. పుస్తకము చదివి తెలిసికొనుటకు అలవాటుపడినవారికి చెవితో, అరికాలితో తెలిసికొనుట ఎంత కష్టమో చెప్పనలవి కాదు. నోటుపుస్తకములో గేరు గేరుకు తగిన వేగము వ్రాసికొని పోయితిమి. ఉస్తాదు ఆ పుస్తకము తీసికొని సీటు క్రింద పెట్టిరి. అది ఇంకను అక్కడనే యున్నది.

ఉదయము తాళము త్రిప్పగానే లారీ కదలదు. గాలి డబ్బాలు నిండవలెను. నిండువరకు గీమని యొక ధ్వని వచ్చుచుండును. నిలుపుడు బ్రేకును గాలియే బిగించునని పలువురు తలంతురు. జరుగునది అందుకు విరుద్ధము. చక్రమును పట్టియుంచునది బలమైన స్ప్రింగు. గాలి ఆ స్ప్రింగును అణచి చక్రమును విడిపించును. గాలి పోయినచో పట్టు పడును గాని విడువదు. అమెరికా దేశస్థుడగు జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్లకు గాలి బ్రేకు కనిపెట్టి, పిమ్మట గొట్టము తెగినను రైలు నిలుచునట్లు దానిని బాగుచేసెను. ఇదియు ఆ జాతి యుక్తియే. తొమ్మిదవ తరగతివారికి ఈ సంగతి చెప్పినప్పుడు వారు పీడనమును గూర్చిన పాఠమును మున్నెన్నడును లేనంత శ్రద్ధతో వినిరి.

ఈ పేరా చిన్న తరగతుల పిల్లలు రెండు మారులు చదువుదురు గాక. ఇప్పటి లారీలలో డ్రైవరు ముందు చక్రముల పైననే కూర్చుండును. కావున మలుపును తన శరీరము దాటిన పిమ్మట గాని చక్రము త్రిప్పరాదు. అట్లు త్రిప్పినప్పుడు వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో రావు, మలుపు లోపలికి జరిగి వచ్చును. ఎడమ తలుపు క్రింద నిలిచిన పసివాడు డ్రైవరునకు కనబడడు. క్లీనరు దిగి వెనుక నిలిచి "రానీ, రానీ, చాల్" అని కేక వేయుట అందుకొరకే. లారీ ప్రక్కను సైకిలు త్రొక్కు బాలుడు డ్రైవరు నన్ను చూచుచున్నాడని ఎన్నడును నమ్మరాదు.

ఏప్రిల్ నెలాఖరున పరీక్షకు పోయితిమి. వంకర దారి, వెనుకకు తోలుట, గట్టుపై నిలిపి మరల కదలించుట అను మూడు ఘట్టములు. పరీక్షాధికారి మర్యాదస్థుడు. వచ్చినవారు ఇంచుమించు ఇరువదిమంది, మేము తప్ప అందరును యువకులే. వంకర దారి దాటితిమి. గట్టు మీద బండిని నిలిపి, బ్రేకు విడిచి, క్లచ్చిని సగము వదలితిమి. బండి ముందుకు లాగుటకు ముందు జానెడు వెనుకకు జారెను. జానెడే. అధికారి కాగితముపై గీత గీసి, "మళ్లీ రండి సార్," అనెను. వరుసలో మా పూర్వవిద్యార్థి యొకడు నిలిచియుండెను. అతడు మమ్ము చూడనట్లు ముఖము త్రిప్పుకొనెను. అది మర్యాదయే. ఆ మర్యాదయే ఎక్కువగా గ్రుచ్చుకొన్నది.

ఇంటికి వచ్చి అన్నం తినలేదని చెప్పుటకు సిగ్గుపడము. నలువదియారేండ్ల వయస్సున ఉత్తీర్ణుడు కాలేదను మాట విని పండుకొన్నవానికి నిద్ర ఎట్లు పట్టును? వాయిదాల దిగులు ఒక ప్రక్క. ఊరిలో తెలియునను దిగులు ఇంకొక ప్రక్క. నిజము చెప్పవలెనన్న ఆ రాత్రి రెండవదే పెద్దదిగా నుండెను.

రెండు దినములకు, అనగా ఏప్రిల్ 30వ తేదీన, పదవ తరగతి ఫలితములు వెలువడినవి. మా విద్యార్థులలో నొకడు గణితములో తప్పెను. వాని తండ్రి, "సదువు సాలు, లారీ మీద క్లీనరుగ పో" అని గద్దించెనట. సాయంకాలము వాడు మా యింటికి వచ్చి అరుగు మీద కూర్చుండెను, చాలసేపు మాటలాడలేదు. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియెట్ ఫలితముల పిమ్మట మన రాష్ట్రమున ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిన సంగతి ఉపాధ్యాయులెవ్వరును మరువలేదు. కావున వానిని చీకటిలో నొంటరిగా పోనీయక, భోజనము పెట్టి, మేమే వెంటబోయి దిగబెట్టి వాని తల్లితో మాటలాడితిమి. దారిలో వాడు మెల్లగా, "సార్, మీరు గూడ ఫేలయిన్రట గదా. మీకెన్ని మార్కులు తక్కువ పడ్డయి?" అని యడిగెను. "జానెడు" అని చెప్పితిమి. వాడు నవ్వెను. ఆ వారములో మేము విన్న మొదటి నవ్వు అది.

మరునాటి నుండి వాడు ప్రతిదినము వచ్చెడివాడు. త్రికోణమితి పాఠమును మా గట్టుతోనే మొదలుపెట్టితిమి. పది అడుగుల నేలకు ఒక అడుగు లేచు గట్టుపై నిండు లారీ నిలిచినచో, దాని బరువులో ఇంచుమించు పదవ వంతు దానిని వెనుకకు లాగును. పది చక్రముల బండి సరకుతో గూడ నుండదగిన బరువును 2018లో 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెంచిరి. అనగా వెనుకకు లాగునది రెండు టన్నుల ఎనిమిది వందల యేబది కిలోలు. ఈ లెక్క వాడే వేసెను. వేసి, "ఇంత గుంజుతుంటె జానెడే జారిందా సార్!" అనెను. లెక్కలో వాడు మమ్మును మెచ్చుకొనుట మాకు మంచి మందుగా పనిచేసెను. పరీక్షనాడు మా బండి ఖాళీది యని వానికి చెప్పలేదు.

తప్పినవాడు ఏడు దినముల తరువాత మరల రావచ్చును. మూడు మారులును తప్పినచో అరువది దినములు ఆగవలెను. ఇది చట్టము. మే నెలలో రెండవ మారు పోయితిమి. గట్టు ఎక్కితిమి గాని, వెనుకకు తోలునప్పుడు వెనుక చక్రము హద్దుకోనును తాకెను. మరల గీత.

ఈసారి ఉస్తాదు ఒక నిర్ణయము చేసిరి. మూడవ పరీక్షకు తొందరపడ నక్కరలేదనియు, అంతవరకు సగము కూలికే తాము అన్నగారి బండి తోలెదమనియు చెప్పిరి. మోకాళ్ల నొప్పులుగల ఆ ముదుసలి మే, జూన్, జూలై నెలలు రాత్రులు తోలిరి. వాయిదాలలో రెండు మాత్రము మా పొదుపు సొమ్ముతో కట్టితిమి. సెలవులన్నియు మేము వారి ప్రక్కను గూర్చుంటిమి. త్రోవ ఖాళీగా నున్నచోట చక్రము మాచేతికి వచ్చెడిది. భూపాలపల్లి ప్రక్కన నొక చెరువుకట్ట మీదికి ఎక్కు దారి కలదు. అచ్చట నిండు బండిని నిలిపి మరల కదలించుట రోజునకు ఇరువది మారులు. "పాసు ఫేలు ఆఫీసుల, సారూ," అనిరి ఉస్తాదు ఒక దినము, "కట్ట మీద బండి జారితె ఎనుక ఉన్నోడు సస్తడు." నాటి నుండి మేము గట్టెక్కునపుడు అద్దములో వెనుక నెవరున్నారో చూచి గాని బ్రేకు విడువలేదు. క్లచ్చి సగమునకు వచ్చినపుడు సీటు సన్నగా వణకును. ముందుభాగము ఒక అంగుళము లేచును. ఆ వణకును మా నడుము కనిపెట్టుటకు జూలై వచ్చెను.

జూన్ నెలలో మా అన్నకుమారునికి ఇరువది నిండెను. వాడు ఆగష్టులో తమ జిల్లాలో పరీక్షకు పోయి మొదటి మారే గెలిచి వచ్చి, "సిన్నాయనా, గట్టు అల్కగనే ఉండె," అని మాకు ఫోను చేసెను. వానిని దీవించితిమి, దీవించుటకు ముందు కొంచెము ఆగితిమని కూడ వ్రాయవలెను. ఇక మీకు లైసెన్సెందుకని ఇంటివారు అడిగిరి. రాత్రి ప్రయాణములకు ఒక డ్రైవరు చాలడని చెప్పితిమి. అది నిజమే గాని, నిజమంతయు అది కాదు. లైసెన్సు గడువు తీరుటకు ముందు ఆగష్టు చివర మూడవ మారు పోయితిమి. అధికారి ఏమియు ననకుండ కాగితముపై సంతకము చేసి తరువాతి వానిని పిలిచెను.

ఈ కబురు విని ఆడపిల్లలలో నొకతె, "మేము గూడ నేర్చుకోవచ్చా సార్?" అని యడిగినది. నాటి నల్లగొండ జిల్లాలో నొక తండాలో పుట్టిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరిన సంగతి చెప్పితిమి. ఆమెకు ఆ జవాబు చాలలేదు. గేరును గూర్చి అడుగుచునే యుండెను.

గణితము తప్పిన బాలుడు జూన్ నెలలో అనుబంధ పరీక్ష వ్రాసి 31 మార్కులు తెచ్చుకొనెను. కావలసినవి 35. ఉదయము టైర్ల దుకాణములో పనిచేసి, సాయంకాలము మా యింటికి వచ్చుచున్నాడు. మార్చిలో మరల వ్రాయును. నాలుగు మార్కులను వాడు ఇప్పుడు నాలుగు వ్రేళ్లనుచున్నాడు.

దసరా సెలవులలో మానుకోట నుండి మొక్కజొన్నల బస్తాలతో భూపాలపల్లికి బండి తోలితిమి. అన్నకుమారుడు వెనుక బల్లపై నిద్రించుచుండెను. ఎడమ సీటున మా అన్నగారు గూర్చుండిరి. వారికి దారి మసకగా కనబడును, ఎదుటి బండ్ల దీపములు మాత్రము పెద్ద పెద్ద గోళములవలె తోచునట. కాని ఇంజిను వినబడును. ములుగు దాటినది మొదలు వారు కన్నులు మూసికొనియే, గేరు మార్చవలసిన ప్రతిచోట మాకంటె ఒక్క క్షణము ముందుగా, "ఇగ ఎయ్యి తమ్మీ," అనుచుండిరి.