ఎకరానికి 57 గుంతలు

ఆయిల్‌పామ్ మీద రాసుకురమ్మని సంపాదకుడు పంపితే పెదవేగి వెళ్ళాను. ఏలూరికి ఉత్తరంగా 12 కిలోమీటర్లు. కొల్లేటి చేపల చెరువుల్నీ వరిచేల్నీ దక్షిణాన వదిలేసి మెట్ట ఎక్కితే ఎర్రమట్టి, బోరు నీళ్ళు, రోడ్డుకి రెండు పక్కలా ఆయిల్‌పామ్ తోటలు. ఈ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ 1995 నుంచి ఇక్కడే ఉంది. దిగుబడులు, ధరలు, నీటి తడులు అన్నీ అడిగి రాసుకున్నాను. ఆ వ్యాసం వేరే వస్తుంది. ఇది మాత్రం ఒక మేస్టారి గురించి. ఆయన ఇప్పుడు లేరు.

గెలలు కోయిస్తున్న రైతుని ఎకరానికి ఎన్ని మొక్కలు పడతాయని అడిగాను.

"57 అండీ. ముక్కోణం పద్ధతిలో, మొక్కకీ మొక్కకీ తొమ్మిది మీటర్లు. ఆ 57 గుంతల్లోకీ మా మేస్టారు తొంగి చూశారండీ," అన్నాడు.

ఇంక దిగుబడుల సంగతి అక్కడితో ఆగిపోయింది.

మేస్టారిది కొల్లేటి లంక ఊరు. ఉద్యోగానికని ఈ మెట్టకొచ్చి, సోషల్ చెప్పి, ఇక్కడే రిటైరై, ఇక్కడే పోయారు. పేరు రాయొద్దని ఇంట్లోవాళ్ళు కోరారు. వేసవి సెలవులయ్యాక బడి తెరిచే ముందురోజు పిల్లల్ని పోగేసి, దొండాకు పసరులో బొగ్గుపొడి కలిపి బోర్డుకి తనే పూసేవారట. ఆ చేతుల నలుపు రెండు మూడు రోజులు వదిలేది కాదట. ఇవి చాలామంది మేస్టార్ల గురించి చెప్పుకునే కబుర్లే. ఈయన దగ్గర మరొకటి ఉంది.

పెదవేగి మామూలు ఊరు కాదు. శాలంకాయనుల వేంగి ఇదే. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనంలో దక్షిణాపథ రాజుల వరసలో వేంగి హస్తివర్మ పేరుంది. ఆ తరవాత విష్ణుకుండినులు, ఏడో శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యులు. శాలంకాయన నందివర్మ రాగిరేకులు ఈ ఊళ్ళోనే దొరికాయి. గుప్తుల పాఠం వచ్చిన రోజు మేస్టారు ఎవరినో ఒకణ్ణి లేపి, "హస్తివర్మ ఎక్కడివాడ్రా?" అనేవారట. వాడు "వేంగి సార్" అంటే, "వేంగి ఎక్కడుందిరా?" అని రెండో ప్రశ్న. వాడు గోడ మీద మ్యాపు వైపు చూస్తే, భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి బయట వీధి చూపించేవారట.

1980ల్లో పురావస్తు శాఖవాళ్ళు ధనమ్మ దిబ్బ తవ్వినప్పుడు బడి వదలగానే మేస్టారు అక్కడే ఉండేవారు. ఇటుక గోడల పునాదులు బయటపడుతుంటే, దూరంగా నిలబడి, వాళ్ళు మట్టిని పొరలుపొరలుగా ఎలా తీస్తున్నారో, దొరికినదాని లోతు ఎలా రాసుకుంటున్నారో చూశారు. అది ఆయనకి రెండో చదువు.

తరవాత ఆయిల్‌పామ్ వచ్చింది. ఒక్కో చేలో వరసగా రెండడుగుల లోతు గుంతలు. ప్రతి గుంతా ఆయనకి చిన్న తవ్వకమే. గొడుగేసుకుని, చేయి వెనక్కి కట్టుకుని, గుంత నుంచి గుంతకి నడిచేవారట. ఇటుక ముక్కో, కుండ పెంకో, పూసో కనబడితే కూచుని జానతో కొలిచేవారు. ఒక్క పెంకు కూడా ఇంటికి తీసుకెళ్ళేవారు కాదు. "అది ఎక్కడ దొరికిందో చెప్పలేకపోతే ఉత్త పెంకేరా" అనేవారట.

రైతు తన ఇంటికి తీసుకెళ్ళి బీరువాలోంచి మేస్టారు రాసుకున్న పుస్తకం తీశాడు. మేస్టారు పోయాక అమ్మగారు ఈయనకే ఇచ్చారు. పాత క్వార్టర్లీ పరీక్ష పేపర్లు, రాయని వైపు పైకి వచ్చేలా మడిచి, ఎడమ అంచున పురికొసతో కుట్టినవి. సర్వే నంబర్లు ఎర్రసిరాలో, మిగతాది నీలంలో. ఒక పేజీలో నాలుగో వరస, తొమ్మిదో గుంత అని ఉంది. కింద ఇటుక బొమ్మ. విరిగిన అంచుకి మాత్రం సన్నటి గీతలతో నీడ వేశారు. పైన ఎవరిదో చేతివేలు దిగిన గుంట, పచ్చి ఇటుక మీద ఎప్పుడో పడ్డది, అది కూడా గీశారు. దాని కింద గుంత తీసిన కూలీ పేరు. రైతు పేరు, చూసిన తన పేరు పక్కన తవ్వినవాడి పేరు కూడా రాయాలని తోచిన మనిషి ఆయన. నాకు ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు.

గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులే. ముఖలింగం గుడి శాసనాలు ఎవరూ నేర్పకుండా తనే చదవడం నేర్చుకున్నారు. సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవరలకి బళ్ళు పెట్టారు. 1911లో ఉద్యోగం నుంచి విరమించాకే వ్యావహారిక భాష కోసం పూర్తిగా నడుం కట్టారు. మన చిన్న ఊళ్ళలో పంతుళ్ళు రిటైర్మెంటు తరవాత చేసే పని అంత పెద్దది. దాన్ని అడిగి తీసుకునేవాళ్ళే లేరు. సెప్టెంబరు 5న ఓ శాలువా కప్పి, ఫోటో దిగి పంపేస్తాం. "మేస్టారూ, మీరేం రాసుకున్నారు?" అని అడగం.

మేస్టారి పుస్తకం ఒక కార్యాలయానికి వెళ్ళి వచ్చింది. వదిలి వెళ్ళండి చూస్తామన్నారట. నెలల తరవాత మేస్టారు వెళ్తే ఫైళ్ళ అడుగున, కట్టు విప్పకుండా ఉంది. "తిరిగి తెచ్చుకున్నారండీ. మళ్ళీ ఎవరికీ చూపించలేదు," అన్నాడు రైతు. కోపంగా చెప్పలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కోపంగానే ఉంది.

ఇప్పటి టీచర్లని నిందించను. మధ్యాహ్న భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో ఫోన్లో ఎక్కించడానికి ఈ మధ్య ఏళ్ళలో వాళ్ళ పొద్దు ఎంత పోయిందో అందరికీ తెలుసు. కొన్నేళ్ళకే బదిలీ అయిపోయే మనిషికి ఊళ్ళో గుంతలు చూసే తీరిక ఎక్కడిది?

కానీ ఇది వాయిదా వేసే పని కాదు. ఆయిల్‌పామ్ చెట్టు పాతిక ముప్పై ఏళ్ళు కాస్తుంది. మొదట్లో వేసిన తోటలకి ఆ వయసు దాటింది. పాత చెట్లు తీసేసి మళ్ళీ నాటడానికి కొత్త గుంతలు తీస్తున్నారు. ఈసారి వాటి గట్టున గొడుగుతో ఎవరూ లేరు.

పెదవేగి చుట్టుపక్కల బళ్ళలో సోషల్ చెప్పే టీచర్లకి, ఏలూరు కాలేజీల్లో చరిత్ర చెప్పేవాళ్ళకి నా మనవి ఒకటే. ఈ వేసవిలో పిల్లల చేతికి టేపు, నోట్సు ఇచ్చి ఆ తోటల్లోకి పంపండి. మేస్టారి పుస్తకం ముందు ఒక ప్రతి తీయించండి. అడిగినవాళ్ళకి ఇస్తానని, చూసి తిరిగి ఇచ్చేస్తే చాలని ఆ రైతు నాతో చెప్పాడు.