వైండింగ్ సాయిబు కొడుకు

మా అబ్బాని నంద్యాలలో అందరూ వైండింగ్ సాయిబు అనేవాళ్లు. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది, అంతే. పొలంలో మోటారు కాలిందంటే రైతులు దాన్ని ముందు ఎద్దులబండి మీద, తర్వాత్తర్వాత ఆటోలో వేసుకుని మా దుకాణానికి తెచ్చేవాళ్లు. ఎండాకాలం మాకు సీజన్. లో ఓల్టేజీ, బోర్లు అడుగంటడం, మోటార్లు కాలడం అన్నీ కలిసే వచ్చేవి.

అబ్బా కాలిన రాగి తీగ పెరికేసి, స్లాట్లు గీకి, పేపరు పెట్టి, కొత్త తీగ చుట్టేవాడు. నోట్లో బీడీ. పెదాలు కదుల్తుండేవి. చిన్నప్పుడు దువా చదువుతున్నాడేమో అనుకునేవాణ్ణి. చుట్లు లెక్కపెడుతున్నాడని తర్వాత తెలిసింది. ఆ టైములో ఎవరు సలాం చెప్పినా జవాబు ఉండదు. "గిన్తీ తప్పితే మోటార్ జల్‌జాతా రే" అనేవాడు.

భయ్యా పదో తరగతి తప్పి దుకాణంలో కూచున్నాడు. నేను కూచోలేదు. వార్నిష్ వాసనంటే నాకు షరమ్. కాలేజీలో నా చొక్కా దగ్గర ఆ వాసన వస్తుందేమోనని భయం. అబ్బా ఒకటి రెండుసార్లు తీగ చేతికిచ్చి చూశాడు. నేను గట్టిగా లాగితే తెగిపోయింది. "తార్ పో జబర్దస్తీ నక్కో రే, ఉనే ఖుద్ బైఠ్తా" అన్నాడు. తీగ మీద జబర్దస్తీ వద్దు, అదే కూచుంటుంది అని. నాకు ఓపిక లేదు. చదువుకుని 2008లో ఇంగ్లండ్ వచ్చి, లెస్టర్‌లో ఒక గోదాములో స్టాకు లెక్కల పనిలో కుదురుకున్నా. అబ్బా హునర్ నేర్చుకోలేదుగానీ అబ్బా లత్ మాత్రం నాతో విమానం ఎక్కింది. ఆయనది బీడీ, నాది సిగరెట్. రోజుకు పదిహేను.

2015లో అబ్బా పోయాడు. చివరి రెండేళ్లు పడుకుంటే దమ్ము ఆడక, గోడకు ఆనుకుని కూచునే నిద్రపోయాడు. ఖబరు ఫోన్లో విన్నాను. విని, గోదాము వెనక్కి వెళ్లి ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ షర్మిందాగా ఉంటుంది. సిగరెట్ వెలిగించాను.

రెండేళ్ల తర్వాత, 2017లో, రంజాన్ జూన్ నెలలో పడింది. ఇక్కడ ఆ రోజుల్లో పొద్దు తొమ్మిదిన్నర దాకా గుంకదు. పద్దెనిమిది గంటలకు పైన రోజా. ఆకలికి, దాహానికి తట్టుకున్నాను. ఇఫ్తార్‌కి ఖజూర్ నోట్లో పెట్టుకుంటూనే నా కళ్లు తలుపు వైపు పోయేవి. ఒకరోజు అలా బయట తాగి లోపలికొస్తే మా ఐదేళ్ల బిడ్డ నా జాకెట్ వాసన చూసి "దాదా కీ బాస్ ఆరీ" అంది. దాదా వాసన వస్తోందట. దానికి సంతోషమే, దాదా గుర్తొచ్చాడు గదా. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

మానేయడానికి సాయం చేసే సర్కారీ సర్వీసు ఇక్కడ ఉంది. వాళ్లు ముందు ఒక యంత్రంలోకి ఊదమంటారు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపిస్తుంది. నాకు 24 వచ్చింది. ప్యాచీలు అంటించుకున్నా, నిలవలేదు. వేప్ కూడా ఒక రాస్తా అని అక్కడే చెప్పారు. పొగ ఉండదు, మంట ఉండదు. బ్యాటరీ ఒక చిన్న కాయిల్‌ని వేడి చేస్తే, దాని మధ్యలోని దూదికి పట్టిన ద్రవం ఆవిరవుతుంది. నికోటిన్ అందులోనే. బిల్‌కుల్ మంచిదని ఎవరూ అనలేదు, సిగరెట్ కంటే నష్టం తక్కువ అన్నారు. పొగ తాగనివాడు దీని జోలికి పోవద్దనీ అన్నారు. నేనూ అదే చెప్తున్నా.

కొనుక్కున్నా. రెండు వారాలు బాగుంది. తర్వాత కాయిల్ మాడింది. రెడీమేడ్ కాయిల్ వారం, పది రోజులకు మాడుతుంది. ఐదు కాయిల్స్ డబ్బా పది పౌండ్ల పైన. మాడిన కాయిల్‌తో పీల్చారా, గొంతులో కాలిన గుడ్డ కుక్కినట్టుంటుంది. మార్చడానికి ఇంట్లో ఇంకోటి లేని రాత్రి నేను పెట్రోల్ బంకుకు నడిచి వెళ్లి సిగరెట్ పెట్టె కొన్నాను. ఇట్లా రెండుసార్లు పడిపోయాను.

ఎవింగ్టన్ రోడ్డులో వేప్ దుకాణం నడిపే గుజరాతీ కుర్రాడికి నా కథ చెప్పుకుంటే, "భాయ్‌సాబ్, ఆప్ ఖుద్ కాయిల్ క్యోఁ నహీఁ బనాతే?" అన్నాడు. పది మీటర్ల తీగ నాలుగు పౌండ్లు, ఒక కాయిల్‌కు పట్టేది ఏడెనిమిది సెంటీమీటర్లు అని లెక్క చెప్పి, కౌంటర్ మీద ఒక తీగ చుట్ట పెట్టాడు. చూసి నవ్వొచ్చింది. ఏ తీగ నుంచి పారిపోయి ఐదువేల మైళ్లు వచ్చానో అదే తీగ!

రాగి కాదనుకోండి. కాంథాల్ అంటారు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన మిశ్రమం, స్వీడన్ వాళ్లు కనిపెట్టింది. మన ఇళ్లల్లో మట్టి పళ్లెంలో ఎర్రగా మండే కరెంటు పొయ్యి కాయిల్ ఉండేది చూడండి, దానికి చుట్టం. తీగతో పాటు చిన్న స్క్రూడ్రైవరు, తీగ మొదలంటా కత్తిరించే కట్టర్, పింగాణీ మొనల పట్టకారు, చుట్టడానికి రెండున్నర మిల్లీమీటర్ల కడ్డీ, జపాన్ దూది తెచ్చుకున్నా. బీబీ చూసి, "ఇల్లు కాల్చేస్తావా ఏంది?" అంది.

మొదటి రాత్రి ఇషా తర్వాత వంటింటి బల్ల మీద కూచున్నా. 28 గేజ్ తీగ, కడ్డీ మీద ఏడు చుట్లు. చెప్పడానికి అంతే. గట్టిగా లాగితే చుట్టు మీద చుట్టు ఎక్కింది. వదులుగా పట్టుకుంటే స్ప్రింగులా విప్పుకుంది. నాలుగోది కొంచెం కాయిల్ మాదిరి వస్తే, రెండు కాళ్లనూ రెండు స్క్రూల కింద పెట్టి బిగించాను. స్క్రూ తిరిగే వైపుకే కాలు ఉండాలని నాకేం తెలుసు? బిగించేకొద్దీ అది కాలిని బయటికి తోసేసి, కాయిల్ మొత్తం వంకర పోయింది. ఇంకోటి చుట్టా. ఆ కాలు బారుగా మిగిలి ట్యాంకు అంచుకు తగిలింది. యంత్రం "షార్ట్" అని చూపించి కరెంటు ఆపేసింది. తమ్ముళ్లూ, ఇక్కడ ఒక మాట. కొత్తవాళ్లు ఇట్లా నిరోధం కొలిచి, తప్పుంటే ఆగిపోయే యంత్రం తప్ప ఇంకోటి ముట్టొద్దు. ఏ కాపలా లేని వట్టి గొట్టం రకాలు ఉంటాయి, వాటితో ఆటలొద్దు. నిండా ఛార్జయిన సెల్లు 4.2 ఓల్టులు. నా కాయిల్ 1.2 ఓములు. భాగిస్తే మూడున్నర ఆంపియర్లు, ఫిక్ర్ లేదు. అదే 0.1 ఓము కాయిల్ అయితే 42 ఆంపియర్లు. అంత లాగితే సెల్లు జేబులోనే బాంబు. ఓమ్స్ లా ఇంటర్లో బట్టీ కొట్టి పాసైనవాణ్ణి నేను. అర్థమైంది ముప్పైఎనిమిదేళ్లకు, వంటింట్లో.

మర్నాడు కాయిల్ నిలబడింది. తక్కువ కరెంటిచ్చి ఒక్క క్షణం వెలిగిస్తే ఒక అంచు మాత్రం ఎర్రగా మండింది, మిగతాది నల్లగానే ఉంది. మంచి కాయిల్ నడిమధ్యన ఎరుపెక్కి రెండు పక్కలకూ సమానంగా పాకాలి. పింగాణీ పట్టకారుతో మెల్లగా గీకి, చుట్లు దగ్గరికి నొక్కి, మళ్లీ వెలిగించి చూసుకోవాలి. ఇనుప పట్టకారు పెట్టారంటే షార్టే. నికెల్, టైటానియం తీగలైతే అసలు ఎర్రగా కాల్చనే కూడదు. నేను నొక్కాను, ఇంకా నొక్కాను, గుస్సా వచ్చి గట్టిగా నొక్కాను. కాయిల్ వంగిపోయింది. అప్పుడు వినిపించింది, పక్కన కూచుని చెప్పినట్టే. తార్ పో జబర్దస్తీ నక్కో రే.

పట్టకారు కింద పెట్టి కాసేపు ఊరకే కూచున్నా.

తర్వాతిది మెల్లగా చుట్టాను. బొటనవేలు తీగ మీద ఆనించి, తీగను లాగకుండా, కడ్డీని తిప్పుతూ. ఒకటి, రెండు, మూడు. నా పెదాలు కదుల్తున్నాయని బీబీ చెప్పేదాకా నాకు తెలీదు. "ఏం చదువుతున్నావు?" అని అడిగింది.

దూది ఇంకో ఇంతిహాన్. కాయిల్‌లో దూది దూర్చి లాగితే, కాయిల్ కదలకుండా దూది కొంచెం పట్టుతో జారాలి. ఎక్కువ కుక్కితే ద్రవం పారదు, దూది మాడి గొంతు మండుతుంది. తక్కువ పెడితే గుడగుడమని నోట్లోకే వస్తుంది, కింద కారుతుంది. నేను రెండూ చేశాను. మొత్తం మీద సరైన కాయిల్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. 13 వాట్లలో పీల్చితే సాఫీగా, గొంతులో సిగరెట్ లాంటి చిన్న దెబ్బతో వచ్చింది. ఆ తర్వాత మాడిన కాయిల్ సాకుతో పెట్రోల్ బంకుకు పోయే పని పడలేదు. ఎప్పుడు మాడినా పది నిమిషాల్లో ఇంకోటి. మూడు నెలలకు ఆ సర్వీసు యంత్రంలో ఊదితే 2 వచ్చింది.

మొదట్లో మిల్లీలీటరుకు 12 మిల్లీగ్రాముల నికోటిన్. ఇక్కడి కానూన్ ప్రకారం 20కి మించి అమ్మకూడదు. తర్వాత 6. తర్వాత 3. దిగిన ప్రతిసారీ వారం రోజులు ఇంట్లో వాళ్ల మీద అరిచాను, తర్వాత మాఫీ అడిగాను. ఈ ఎలక్ట్రానిక్ సిగరెట్‌ను ఇప్పుడున్న తీరుకు తెచ్చి 2003లో పేటెంట్ పెట్టినవాడు హోన్ లిక్ అనే చైనా ఫార్మసిస్ట్. ఆయనా పొగ మానలేక సతమతమైనవాడే. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడట. అది చదివిన రోజు ఆ మనిషి నాకు బంధువులా అనిపించాడు.

2019 డిసెంబర్‌లో నంద్యాల వెళ్లాం. అంతకు ముందు సెప్టెంబర్ 18న ఇండియాలో వీటిని బంద్ చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబర్‌కి చట్టమూ అయింది. తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నేరం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జుర్మానా. బీడీ, సిగరెట్ మాత్రం ప్రతి బంకులోనూ దొరుకుతాయి. దాని మీద మీకేం అనిపిస్తుందో మీ ఇష్టం, నేను మాత్రం కానూన్‌తో పెట్టుకోను. యంత్రం లెస్టర్‌లోనే డ్రాయరులో పెట్టి వెళ్లా. ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్లూ, ఇది నా కథ మాత్రమే, నుస్ఖా అనుకోకండి.

మూడోరోజుకే చేతులు వణికాయి. దుకాణంలో కూచున్నా. భయ్యా నోట్లో బీడీ, అచ్చం అబ్బా మాదిరే. కట్ట నా ముందే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది కూడా. మాట మార్చడానికి పర్సులోంచి చిన్న తీగ ముక్క తీసి భయ్యాకు చూపించా. రెండు వేళ్ల మధ్య రుద్ది, "30 గేజ్" అన్నాడు. "లేదు భయ్యా, 28" అన్నా. భయ్యా ఏమీ అనకుండా సొరుగులోంచి మైక్రోమీటర్ తీసి కొలిచాడు. 0.32. గోడమీది చార్టు చూపించాడు. వాళ్లు లెక్కపెట్టేది ఇంగ్లండు గేజ్, ఇంగ్లండులో నాకు అమ్మింది అమెరికా గేజ్! ఆ లెక్కలో 28, ఈ లెక్కలో 30. ఇద్దరం పడీపడీ నవ్వాం.

"ఇది కాలడానికే పుట్టిన తీగ రే ఛోటే. మనది కాలకుండా చూసుకోవాల్సిన తీగ" అన్నాడు. నేను చేసిందంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. ఒక చిన్న ఫ్యాన్ మోటారు నా ముందుకు జరిపి "చుట్టు" అన్నాడు. ఆ రెండు వారాలు రోజూ కూచున్నా. లెక్క తప్పి రెండుసార్లు విప్పా. బీడీ మాత్రం ముట్టలేదు.

2020 రంజాన్ లాక్‌డౌన్‌లో వచ్చింది. ఆ నెల చివర నికోటిన్ సున్నా. ఈద్ తర్వాత ఒకరోజు దూది మార్చాల్సి వస్తే, మార్చబుద్ధి కాలేదు. అంతే, ఆగిపోయింది. తీగ, పట్టకారు ఇంకా డ్రాయరులో ఉన్నాయి.

ఇప్పుడు భయ్యా దగ్గుతున్నాడు. ఆ దగ్గు నాకు తెలుసు. నేను ఎక్కిన నిచ్చెన అక్కడికి పంపలేను, పంపను కూడా. పొగాకు మానేవాళ్ల కోసం అక్కడ సర్కారు టోల్‌ఫ్రీ నంబరు ఉంది, 1800-11-2356. కాగితం మీద రాయించి చార్టు పక్కన అంటించమన్నా. పోయిన నెల ఫోన్ చేశాడంట. రెండు రోజులు ఆపాడంట.

"నీకేం రే, నీకు తీగ కొత్త. చేతులకు పని దొరికింది. నాకు చేతిలో తీగ, నోట్లో బీడీ చిన్నప్పటి నుంచీ కలిసే ఉన్నాయి. తీగ పట్టుకుంటే బీడీ గుర్తొస్తుంది. నేనేం పట్టుకోవాలి?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. నేను మాత్రం రోజూ ఇషా తర్వాత ఫోన్ చేస్తున్నా. ఎన్నో రోజు అని అడుగుతా, భయ్యా లెక్క చెప్తాడు. నిన్నటికి పదకొండు. మధ్యలో తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడదాం అన్నా. లెక్క తప్పితే విప్పి చుట్టడం మా ఇంట్లో కొత్త కాదు గదా.