ఆన్‌సైట్ వెళ్తూ ఇచ్చిపోయిన చేప

ఆన్‌సైట్ వెళ్ళేవాళ్ళు పోతూ పోతూ మనకి అంటగట్టేవి చాలానే ఉంటాయి. సగం రాసిన కోడు, ఎవరికీ అర్థంకాని ఎక్సెల్ షీట్లు, పాత బైకు, సగం వాడిన పచ్చడి సీసాలు... నా స్నేహితుడొకడు మాత్రం చేపనిచ్చి పోయాడు. "ఆర్నెల్లే మామా, వచ్చి తీసుకెళ్తా. రోజుకి రెండుసార్లు గుళికలెయ్, చాలు. దాని బతుకు అది బతుకుతుంది" అన్నాడు. నాలుగంగుళాల చేప. ఎర్రటి ఒళ్ళు, పక్కల నల్లటి మచ్చలు, నుదుటి మీద అప్పుడప్పుడే లేస్తున్న బుడిపె. ఫ్లవర్‌హార్న్. పేరు లక్కీ.

చేపలు పెంచేవాళ్ళకి ఈపాటికే అర్థమైపోయుంటుంది కథ ఎటు పోతుందో. నాకు మాత్రం అప్పటికి తెలిసిందల్లా ఒకటే: అది వాస్తు చేప, రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో రిసెప్షన్ పక్కన పెడతారు. ఆ నల్ల మచ్చల్లో చైనా అక్షరాలు కనిపిస్తాయనీ, అవి కలిసొస్తాయనీ నమ్మేవాళ్ళున్నారు. ఇంకేం, కలిసొచ్చే చేప ఊరికే వస్తోంది కదా అని ప్లాస్టిక్ కవర్లో ఒళ్ళో పెట్టుకుని క్యాబ్‌లో కొండాపూర్ తెచ్చేశాను.

మా ఇంట్లో అప్పటికే ఒక ట్యాంకు ఉంది. నాది కాదు, మా ఆవిడది. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, పదిహేనంగుళాల ఎత్తు. లెక్కేస్తే 70 లీటర్లు. అందులో ఆరు నియాన్ టెట్రాలు, అడుగున నేల నాక్కుంటూ తిరిగే నాలుగు కోరీలు, ఒక జత పెర్ల్ గౌరామీలు. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఆ ట్యాంకు పెట్టినప్పుడు ఐదు వారాలు ఒక్క చేప కూడా వెయ్యకుండా ఉత్త నీళ్ళకి ఫిల్టర్ తిప్పింది. "ఖాళీ నీళ్ళకి కరెంటు బిల్లేంటి?" అని వేళాకోళం చేశాను కూడా. అప్పుడు చెప్పింది... చేపల విసర్జనలోంచి అమ్మోనియా వస్తుందిట, అది వాటికి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకోరకం వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తే అప్పుడు కాస్త నయం, వారం వారం కొన్ని నీళ్ళు మార్చుకుంటే సరిపోతుంది. ఈ సూక్ష్మజీవులన్నీ ఫిల్టర్లో కుదురుకోడానికి నెలా నెలన్నర పడుతుంది. అందుకే రోజూ చిటికెడు మేత మాత్రం వేసి ఎదురుచూసింది. మా బోరు నీళ్ళు మరీ ఉప్పుగా ఉంటాయని టెట్రాల కోసం ఆరో ఫిల్టర్ నీళ్ళు కలిపేది. అంత ఓపికన్నమాట.

ఆవిడ ఐదు వారాలు ఆగిన చోట నేను ఐదు నిమిషాలు ఆగలేదు. ఆరోజు శుక్రవారం, ఆవిడ పుట్టింటికి విజయవాడ వెళ్ళింది. నేనేమీ మరీ మూర్ఖుడిలా వదిలెయ్యలేదు లెండి. నాలుగు వ్యాసాలు చదివాను. పాత చేపలకి ముందు కడుపునిండా మేత వెయ్యాలి, రాళ్ళూ మొక్కలూ అటూ ఇటూ జరపాలి (ఎవరి సరిహద్దు ఎక్కడో అందరూ మర్చిపోతారు), లైటు ఆర్పేసి అప్పుడు కొత్త చేపని దింపాలి. అన్నీ చేశాను. ఈ చిట్కాలు నిజంగా పనిచేసేవే. కాకపోతే సైజు, స్వభావం కాస్త దగ్గరగా ఉన్న చేపల మధ్య. నేను చదివినవాటిలో ఆ వాక్యం కూడా ఉండే ఉంటుంది. మనం డాక్యుమెంటేషన్ ఎలా చదువుతామో మీకు వేరే చెప్పాలా.

రెండు రోజులు ఏమీ జరగలేదు. అది ఒక మూల రంగు వెలిసిపోయి కూర్చుంది. పాపం కొత్త కదా, బెంగ పెట్టుకుంది అనుకున్నా. మూడో రోజు పొద్దున చెక్కదుంగ వెనక స్థలం దానిదైపోయింది. టెట్రాలు లెక్కపెడితే నాలుగే ఉన్నాయి. మొక్కల్లో వెతికాను, ట్యాంకు వెనక నేల మీద వెతికాను, ఫిల్టర్ విప్పి చూశాను. ఎక్కడికి పోతాయి? నాలుగంగుళాల సిక్లిడ్ ముందు అంగుళం టెట్రా అంటే చిరుతిండి. దీన్ని దౌర్జన్యం అనడానికి కూడా లేదు, ఆకలి అంతే.

ఇక్కడే నేను చెప్పుకోడానికి సిగ్గుపడే పని ఒకటి చేశాను. ఆ సాయంత్రం మా ఆవిడ వస్తోంది. షాపుకెళ్ళి రెండు టెట్రాలు కొనుక్కొచ్చి వేసేశాను. ఆరుకి ఆరు. ఫ్లవర్‌హార్న్ గురించి మాత్రం "వాడు బలవంతంగా ఇచ్చాడు, ఏం ఇబ్బంది లేదు, అన్నీ బానే ఉన్నాయి" అని చెప్పాను. ఆవిడ బ్యాగు కూడా దింపకుండా ట్యాంకు ముందు నిలబడి కాసేపు చూసింది. "ఊఁ" అంది. అంతే.

మంగళవారం మధ్యాహ్నం టీమ్ కాల్‌లో ఉండగా పిలిచింది. మగ గౌరామీ పైన హీటర్ వెనక ఇరుక్కుని ఉంది. తోక సగం లేదు, పక్క రెక్క పీలికలైపోయింది. నెల కిందటే నీటి మీద నురగతో గూడు కట్టింది ఆ చేప. అది చూడమని నన్ను అర్ధరాత్రి నిద్రలేపింది మా ఆవిడ. కింద లక్కీ మెరిసిపోతూ తిరుగుతోంది, మొత్తం ట్యాంకు దానిదే ఇప్పుడు. గౌరామీని వేరే బకెట్లోకి తీశాం గానీ రాత్రికి పోయింది. అప్పుడు మెల్లిగా అంది: "రెండు టెట్రాలు కొత్తవని నాకు ఆరోజే తెలుసు. చిన్నగా ఉన్నాయి. నువ్వే చెప్తావని చూస్తున్నా." దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆదివారం రాత్రే నిజం చెప్పుంటే సోమవారం దాన్ని బయటికి తీసేవాళ్ళం, గౌరామీ ఉండేది.

అప్పుడు కూర్చుని సరిగ్గా చదివాను, ముందు చదవాల్సింది. సిక్లిడ్లు పెద్ద కుటుంబం, వెయ్యికి పైగా జాతులు. మన చెరువుల్లో దొరికే తిలాపియా కూడా సిక్లిడ్డే. 1952లో మొజాంబిక్ తిలాపియాని దేశానికి తెచ్చారు, తర్వాత దాన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. కేరళ వాళ్ళ కరిమీన్ ఇంకో సిక్లిడ్, అది మాత్రం మన దేశానిదే. చాలా చేపలు గుడ్లు వదిలేసి వాటి దారిన అవి పోతాయి. సిక్లిడ్లు అలా కాదు, గుడ్లకీ పిల్లలకీ కాపలా కాస్తాయి. ఆ మొజాంబిక్ తిలాపియా తల్లయితే పిల్లల్ని నోట్లో పెట్టుకుని మోస్తుంది. పిల్లల్ని కాయాలంటే చోటు కావాలి, చోటు ఉంచుకోవాలంటే వచ్చినవాణ్ణల్లా తరమాలి. మనం పొగరు అనుకునేది సగం పిల్లల మీద ప్రేమేనన్నమాట.

మరి నదిలో ఇలా ఒకదాన్నొకటి చంపుకోవా అంటే, తక్కువే. ఎందుకంటే ఓడిపోయినది పారిపోతుంది. నాలుగైదు గజాలు పోతే సరిహద్దు దాటేస్తుంది, గెలిచినది వెనక్కి తిరుగుతుంది, గొడవ అయిపోతుంది. రెండడుగుల ట్యాంకులో పారిపోయినది ఎక్కడికి పోతుంది? ఎంత మూలకి పోయినా ఇంకా కంటికి ఎదురుగానే ఉంది. లక్కీ లెక్కలో అది ఓడిపోయిన చేప కాదు, ఇంకా ధిక్కరిస్తున్న చేప. అందుకే మళ్ళీ, మళ్ళీ... రెండు టీముల్ని ఒకే ఓడీసీలో కుక్కిన మేనేజర్లు గుర్తొస్తే నా తప్పు కాదు :)

మలావీ సరస్సు సిక్లిడ్లు పెంచేవాళ్ళు ఒక ఎత్తు వేస్తారు. కావాలనే ట్యాంకు కిక్కిరిసేలా నింపుతారు, అప్పుడు ఏ ఒక్క చేపా అన్ని దెబ్బలూ తినదు, తలా ఒకటీ పడతాయి. ఇది గొప్ప లోడ్ బ్యాలెన్సింగ్ అనిపించి ఉత్సాహంగా చెప్పబోయాను. "దెబ్బలు పంచడానికి ఇంకో పది చేపల్ని కొనుక్కొస్తావా?" అంది. నోరు మూసుకున్నా.

బుధవారం మధ్యలో యాక్రిలిక్ షీటు అడ్డం పెట్టాం. అదో నరకం. అవతల చేపలు కనిపిస్తూ ఉంటాయి, అందవు. పొద్దున్నుంచీ రాత్రి దాకా షీటుకేసి గుద్దుకోవడమే. (బుడిపె పెరగాలని రోజూ కాసేపు అద్దం చూపించి కోపం తెప్పించేవాళ్ళున్నారు ఈ చేపకి. మేం ఉచితంగా రోజంతా చూపించామన్నమాట.) దాని మేతకీ విసర్జనకీ 70 లీటర్లు ఏ మూలకి? అమ్మోనియా పరీక్ష చేస్తే పసుప్పచ్చగా ఉండాల్సిన నీళ్ళు ఆకుపచ్చకి తిరిగాయి. రోజూ నీళ్ళు మార్చాల్సొచ్చింది.

మరి దీన్నేం చెయ్యాలి? షాపువాడు ఊరికే అయితే తీసుకుంటానన్నాడు. "ఎవరికిస్తారు?" అంటే "ఎవరడిగితే వాళ్ళకి సార్" అన్నాడు. అంటే నాలాంటి ఇంకొకడికి, ఇంకొకరి ట్యాంకులోకి. మా అమ్మేమో ఫోన్లో "ఏ చెరువులోనో వదిలెయ్యరా, పుణ్యం" అంది. పుణ్యం కాదు. తిలాపియా సంగతి చెప్పానుగా. అక్వేరియాలకి తెచ్చిన సకర్ చేపలు ఇప్పుడు మన చెరువుల్లో పడి వలలు చింపుతున్నాయి. పైగా దీనికి "వదిలెయ్యడానికి" అసలు ఊరే లేదు. ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోనూ పుట్టింది కాదు. మధ్య అమెరికా సిక్లిడ్లని కలిపి 1990లలో మలేషియాలో తయారుచేసిన సంకరజాతి. మగవాటిలో చాలావాటికి సంతానం కూడా కలగదు. రాని పిల్లల కోసం లేని నదిలో కాపలా కాస్తోంది, మా హాల్లో. ఈ మాట తట్టాక దాని మీద కోపం నిలబెట్టుకోడం కష్టమైంది నాకు. మా ఆవిడకి కష్టం కాలేదు.

న్యూజెర్సీకి ఫోన్ చేశాను. మావాడు చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, చివర్లో "ప్రాజెక్టు పొడిగించారు మామా, ఇప్పట్లో రాను. ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాడు. ఇచ్చెయ్యడం వాడికి అలవాటే కదా.

చివరికి నాలుగడుగుల ట్యాంకు కొన్నాను, పద్దెనిమిదంగుళాల వెడల్పు, అంతే ఎత్తు. 255 లీటర్లు. సోఫా కోసం దాచిన డబ్బులు అటు పోయాయి. స్టాండు, గాజు, నీళ్ళు అన్నీ కలిపి మూడొందల కిలోలు దాటుతుందని తెలిశాక భయమేసి సివిల్ చదివిన క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశా. ఇళ్ళకి మన కోడ్ ప్రకారం చదరపు మీటరుకి 200 కిలోలు లెక్క వేస్తారు, నా ట్యాంకు నిలబడేది అర చదరపు మీటరు మీద. వాడు నవ్వి, "రేయ్, అది గది మొత్తానికి వేసే లెక్కరా. నడిమధ్య పెట్టకు, కింద బీమున్న గోడవారగా పెట్టు" అన్నాడు. ఇంటి ఓనరు అంకుల్ వచ్చి చూసి "ఇంత పెద్దదా బాబూ... తినేదా, పెంచేదా?" అని అడిగాడు. రెండోదేనని ఒప్పించాను. కొత్త ఫిల్టర్లో మా పాత ఫిల్టర్ స్పాంజి సగం పెట్టాం, ఈసారి ఐదు వారాలు ఆగే వీలు లేదు కాబట్టి. ఆ సలహా మా ఆవిడదే. ఇచ్చి మళ్ళీ మాట్లాడలేదు.

లక్కీ ఇప్పుడు తొమ్మిదంగుళాలుంది. ఒక్కటే ఉంటుంది. మా బోరు నీళ్ళు దానికి చక్కగా పడ్డాయి, ఉప్పదనం ఇష్టంట. ఉన్న గులకరాళ్ళన్నీ నోటితో ఎత్తి ఎడమ మూలన పోసుకుంది. నేను సర్దితే తెల్లారేసరికి మళ్ళీ అక్కడే. థర్మామీటర్‌తో యుద్ధం చేస్తుంది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఎటు నడిస్తే అటు అద్దం వెంబడి వస్తుంది. చిన్న ట్యాంకులో ఆడ గౌరామీ, టెట్రాలు, కోరీలు వాటి మానాన అవి ఉన్నాయి. గౌరామీకి ఇంకో మగదాన్ని తెద్దామా అంటే మా ఆవిడ "వద్దులే" అంది.

మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ పెద్ద ట్యాంకు ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. వేలు అద్దానికి ఆనించి అటూ ఇటూ జరుపుతోంది, అది వేలు వెంట తిరుగుతోంది. నన్ను చూసి వేలు తీసేసి లేచింది. "ఇవాళ నీళ్ళు మార్చాలి, గుర్తుందా?" అంది. బ్యాగు పక్కన పడేసి బకెట్ తెచ్చుకున్నాను.