ఇంట కుట్టిన కోటు

మన కవులు ఆకు రాలుటను శిశిరమున వర్ణించిరి. నేను కాపురముండు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమునందు ఆ పని శరత్తులోనే, మనకు దసరా పండుగ జరుగు దినములలోనే, ఆరంభమగును. మేపిల్ చెట్లు ఎఱ్ఱబారుటకు ముందే దుకాణముల అద్దములలోని బొమ్మలు ఉన్నికోట్లు తొడిగికొని నిలుచును. గత సంవత్సరము అట్టి యొక యద్దము నెదుట మా అమ్మాయి కదలక నిలిచిపోయినది. ఇటుకరంగు కోటు, వెడల్పయిన కాలరు, రెండు పెద్ద జేబులు, మోకాలి వఱకు పొడవు. వెల చూచి, “దీనిని నేనే కుట్టి యిచ్చెదను” అంటిని. ఆ మాటలో పొదుపుకంటె గర్వమే యెక్కువ యని యిప్పుడొప్పుకొనుచున్నాను. మా అమ్మమ్మ చేతిమిషను మీద ఊరివారికి రవికలు కుట్టి, ఆ సొమ్ముతో మా అమ్మను చదివించినది. కుట్టుపని మాకు వంశవిద్య యని నా నమ్మకము.

దుకాణములోనికి పోయి ఆ కోటును తిరుగవేసి చూచితిమి. పైబట్టయు అస్తరును కలిపి ముక్కలు ఇరువదికి పైగా నుండెను. లోపలి చీటిపై ‘బంగ్లాదేశమున తయారైనది’ అని యుండుట అమ్మాయి చదివినది. ఇంటికి వచ్చి, ఆ కోటును పోలిన కాగితపు నమూనా నొకదానిని తెప్పించి, కాలరును మాత్రము వెడల్పు చేసికొంటిని. కొలతల వారీగా ఇట్టి కాగితపు నమూనాలను 1863లో బటరిక్ అను అమెరికా దర్జీ అమ్మకమునకు దెచ్చెను. నాటినుండి ఇంట కుట్టుకొనువారికి అవియే గురువులు.

కాగితము చేతికి వచ్చినంత మాత్రమున ఉన్నిబట్టను కోయరాదు. మొదట చవుకనూలుబట్టతో ఒక కోటు కుట్టి తొడిగి చూడవలెను. దానిని ఇచ్చట ‘మస్లిన్’ అందురు. ఉంగరములోనుండి దూరునని చెప్పుకొనిన ఢాకా బట్ట పేరు నేడు చింపి పారవేయు ముతకగుడ్డకు మిగిలినది! ఉన్ని ఆవిరి తగిలిన కుంచించుకొనును గనుక కోయుటకు ముందే దానికి ఆవిరి పట్టింపవలెను. పడుగుపోగు ముక్క నడుమ నిలువుగా దిగవలెను. అది ఒరిగినచో కోటు ఒకప్రక్కకు జాఱును. బట్టకు నూగున్నచో ముక్కలన్నిటి తలలు ఒకే దిక్కున నుండవలెను. లేకున్న వెలుతురులో అవి రెండు రంగులుగా కనబడును.

ఇంత తెలిసియు నేను రెండు చేతులను ఎడమచేతికే కోసితిని. బట్టను ఒంటిపొరగా పరచి కోయునప్పుడు రెండవసారి కాగితమును బోర్లింపవలెను, అది మఱచితిని. వంశవిద్య ఆ రాత్రి నన్ను కాపాడలేదు. మరునాడు పోగా దుకాణములో ఆ తాను చివర కొంచెము మిగిలియుండెను, అది బ్రతికించినది. తప్పుగా కోసిన చేయి జేబులకు పనికివచ్చెను. ఇక చేతులను అతుకుట వేఱొక పరీక్ష. చేతి తలభాగము చంకవంపుకంటె అంగుళము, అంగుళమున్నర పొడవెక్కువ. ఆ యెక్కువను రెండు వరుసల వదులుకుట్లతో దగ్గరకు లాగి, ముడుతలు కనబడకుండ ఆవిరితో నణచవలెను. ఒక చేతిని మూడుసార్లు ఊడదీసితిని. కోటు ముగియుసరికి నలువది గంటలు గడచినవి.

మూడవసారి ఊడదీయునప్పుడు అమ్మాయి ప్రక్కన కూర్చుండి, “అమ్మా, ఆ దుకాణపు కోటు కుట్టినవాళ్ళు కూడా ఇన్నిసార్లు ఊడదీశారా?” అని యడిగినది. లేదంటిని. అచ్చట ఒకామె దినమంతయు జేబులే కుట్టును, మఱియొకామె కాలర్లే కుట్టును. గంటకిన్ని యని లెక్క. అంతటితో నూరకుండక, నాకు తెలిసిన రెండు సంగతులు చెప్పితిని. 1911 మార్చి 25న న్యూయార్కు నగరమున ట్రయాంగిల్ షర్టువెయిస్టు కర్మాగారమునకు నిప్పంటుకొని 146 మంది మరణించిరి. వారిలో అధికులు పొట్టకూటికై వలసవచ్చిన యూదు, ఇటలీ యువతులు. బయటకు పోవు తలుపునకు తాళము వేసియుండెను. 2013 ఏప్రిల్ 24న ఢాకా చెంతనున్న సవార్‌లో రానా ప్లాజా యను ఎనిమిదంతస్తుల భవనము కూలి 1,134 మంది మరణించిరి. ముందునాడే గోడలు పగిలినవి. ఆ భవనములోని బ్యాంకు, దుకాణములు మూసివేసిరి. కుట్టుపనివారిని మాత్రము పనిలోనికి రమ్మనిరి. ఈ ఘోరములు జరిగిన తరువాత గాని భద్రతా నియమములు గట్టిపడలేదు.

యంత్రములను శంకించిన గాంధీ మహాత్ముడు 1924లో సింగరు కుట్టుమిషనుకు మినహాయింపు నిచ్చెను. భార్య చేతికుట్టుతో పడు శ్రమను చూడలేక సింగరు దానిని కల్పించెనని ఆయన తలచెను. మా అమ్మమ్మ మిషను ఆమె చెప్పినట్లు తిరిగినది. సవార్‌లో మిషను చెప్పినట్లు మనుష్యులు తిరిగిరి.

ఇంట కుట్టుట పొదుపని నేను చెప్పజాలను. ఉన్నిబట్ట, అస్తరు, బొత్తములు కలిపి నాకైన వ్యయము, తగ్గింపు దినములలో ఆ దుకాణపు కోటు వెలను మించినది. నేను కొనిన బట్టను నేసినవారెవరో నాకు తెలియదు గనుక నిర్దోషినని చెప్పుకొనుటకును వీలులేదు. ఈ కోటువలన నాకు కలిగిన లాభము వేఱు. రాజమండ్రిలో నా రవికలు కుట్టు నామెతో ఇరువదేండ్లుగా కూలి బేరమాడుచుంటిని. ఆమె రెండువందలన్న నూటయేబది యనుట నాకు ఇల్లు దిద్దుకొను తెలివిగా తోచెడిది. మా అమ్మమ్మ కుట్టుకూలిని కోసినవారిని గూర్చి మా అమ్మ నేటికిని కోపముతో చెప్పును. ఆ కోసినవారి వరుసలోనే నేనును నిలిచితినని నాకా కోటుచేయి మూడవసారి ఊడదీయునప్పుడు గాని తెలియలేదు.

మొన్నటి వేసవిలో ఇంటికి పోయినప్పుడు ఆమె అడిగినంతయు ఇచ్చితిని. ఆమె అనుమానముగా చూచి, “ఏమమ్మా, ఈసారి బేరం లేదా?” అన్నది. నాకు జవాబు తోచలేదు.

సోదరీమణులారా, అందఱమును కోట్లు కుట్టవలెనని నేననను. ఇంటిలోని ఆడపిల్లకును మగపిల్లవానికిని తొడుగుకొను వస్త్రము ఒక్కటైనను మొదటినుండి తుదివఱకు కుట్టుట నేర్పుడు. నేర్చినవారు కుట్టినవారి కూలిని కోయుటకు జంకుదురు.

కోటు ఎడమజేబు కుడిజేబుకంటె పావంగుళము క్రిందికి దిగినది. సరిచేసెదనన్న అమ్మాయి వలదన్నది. ఈ శరత్తునకు తమ్మునికొక చొక్కా కుట్టెదనని నిన్న కాగితము పరచుకొని కూర్చున్నది. నీ చొక్కాకు నీవే కుట్టవలెనంటిని గనుక వాడును కత్తెర పట్టుకొని ప్రక్కనే చేరినాడు. చేతులు కోయునప్పుడు కాగితము బోర్లింపుమని మాత్రము చెప్పి నేను వంటకు లేచితిని.