మాటు

మా తాత చెప్పులు కుట్టాడు. మా నాన్న రేడియేటర్లకి మాట్లు వేశాడు. నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మూడు తరాల్లో మూడు పనులు మారాయి. మమ్మల్ని పిలిచే పిలుపు మాత్రం అంత తొందరగా మారలేదు.

నాన్న పల్లె వదిలి రాజమండ్రి వచ్చి, గోకవరం బస్టాండు దగ్గర ఒక సాయిబుగారి షెడ్డులో చేరాడు. కులం అడక్కుండా పని నేర్పిన మొదటి మనిషి ఆయనే. అడిగింది ఒక్కటే, "నిప్పు ముందు కూర్చోగలవా?" అని. ఆయన తాగే కూజాలో నీళ్ళే నాన్నా తాగాడు. ఆ కూజా గురించి నాన్న చనిపోయేదాకా చెప్పాడు. చదువుకున్నవాళ్ళకి అది చిన్న సంగతిలా కనబడొచ్చు. దోసిలి పట్టి తాగినవాళ్ళకి కాదు.

అప్పటి అంబాసిడర్లకీ ఫియట్లకీ రేడియేటర్లు రాగివీ ఇత్తడివీ. మా డెల్టాలో కాలవ నీళ్ళు పోసేవాళ్ళు, సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పునీళ్ళు. ఒండ్రూ ఉప్పూ గొట్టాల్లో పేరుకుపోయేవి. పైట్యాంకు ఊడదీసి సన్నటి కమ్మీతో ఒక్కో గొట్టం పొడవాలి. కారుతుంటే నోళ్ళకి బిరడాలు బిగించి, నీళ్ళలో ముంచి, సైకిలు పంపుతో గాలి కొట్టాలి. బుడగలొచ్చిన చోటే చిల్లు. అక్కడ గీకి, జింకు ముక్కలేసి చంపిన ఆసిడ్ రాసి, తగరమూ సీసమూ కలిసిన కడ్డీ కరిగించి మాటు వెయ్యాలి. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. రెండూ తగుపాళ్ళలో కలిస్తే 183కే కరుగుతాయి. నేనిది పుస్తకంలో చదువుకున్నాను. నాన్న ఏ పుస్తకమూ లేకుండా కడ్డీ మెరుపు చూసి చెప్పేవాడు.

ఆ పొగ విషమని ఆయనకెవరూ చెప్పలేదు. చివరి రోజుల్లో చేతులు వణికేవి. సీసం వల్లో వయసు వల్లో ఏ డాక్టరూ పరీక్ష చేయించలేదు.

1986 ఎండాకాలం. కోనసీమలో ఒక కామందుగారు ఊటీ తేయాకు తోటల వాళ్ళ దగ్గర పాత మారిస్ మైనర్ కొన్నారు. దానికి హీటరుంది. చలిదేశాల బళ్ళలో ఉండే ఈ హీటరు నిజానికి ఒక పిల్ల రేడియేటరే. ఇంజను కాచిన నీళ్ళు అందులోంచి పోతుంటే, ఫ్యాను దాని మీదుగా గాలి కొట్టి బండి లోపలికి వెచ్చగా పంపుతుంది. అది కారుతోంది. లోపల చాప తడిసి కుళ్ళు వాసన, అద్దానికి లోపలివైపు ఆవిరి. సెలవులు కదా, నాన్న నన్ను సాయం తీసుకెళ్ళాడు.

"ఇంజను తల మీద కుళాయి ఉందండి బాబయ్యగారూ, అది కట్టేస్తే సరిపోద్ది. రోహిణికార్తెలో మనకి హీటరెందుకండి?" అన్నాడు నాన్న.

"కొన్నది కొన్నట్టుండాలిరా. చెయ్యి," అన్నారాయన.

చింతచెట్టు కింద పని. ముంచి చూడ్డానికి పశువుల తొట్టి చూపించారు. రెండు చోట్ల బుడగలొచ్చాయి. మధ్యాహ్నానికి మాట్లు పడ్డాయి. మళ్ళీ ముంచితే ఒక్క బుడగ రాలేదు. బండిలో పోయడానికి నీళ్ళు కావాలి. ఉప్పునీళ్ళు పోస్తే గొట్టాలు తినేస్తాయని మంచినూతి నీళ్ళు ఇత్తడి బిందెతో తెప్పించారు. నాకు దాహమేసి అడిగాను. అదే బిందెలో నీళ్ళు ఎత్తునుంచి నా దోసిట్లో పోశారు. బండికి మాత్రం బిందె మూతి తగిలినా మైల లేదు.

ఇంక మిగిలింది చూసుకోవడం. చల్లగా ఉన్నప్పుడు కారని మాటు, నీళ్ళు కాగి ఒత్తిడి పెరిగాక కారొచ్చు. బండి నాలుగు మైళ్ళు తిరగాలి. మాటేసిన మనిషి ముందు సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. నాన్న అదే చెప్పాడు.

"డ్రైవరు చూస్తాడు. నువ్వు దిగు."

"పని నాదండి. నేను చూడకుండా అయ్యిందని ఎలా చెప్పనండి?"

ఆయన మాట్లాడలేదు. నాన్న మాట్లాడకుండా కుళాయి కట్టేశాడు. "నేను కూర్చుని చూసిన రోజున తిప్పుతానండి. ఆయ్, అందాకా బండి కారదు," అన్నాడు. సగం కూలే ఇచ్చారు. బస్సులో నాన్న నోరు విప్పలేదు. షెడ్డుకొచ్చాక సాయిబుగారే అన్నారు, "పని చూడనియ్యనోడికి పని అప్పజెప్పకు," అని.

అంతకు ముందు ఏడాదే, 1985 జూలైలో, కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళు పాడు చేస్తుంటే వద్దన్నందుకు గొడవ మొదలైంది. 17న ఆరుగుర్ని చంపారు. 1991లో చుండూరు గొడవ సినిమా హాల్లో సీటు దగ్గర కాలు తగలడంతో రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఒకచోట నీళ్ళు, ఇంకోచోట సీటు. ఆ రెండూ నేను ఒక్క రోజులో ఒక్క బండి దగ్గర చూశాను. మాకు దెబ్బలు పడలేదు, సగం కూలి పోయిందంతే. అందుకే అది ఏ పేపర్లోకీ ఎక్కలేదు. ఎక్కనివే ఎక్కువ. మహద్ చెరువు నీళ్ళు తాగడానికి 1927లో అంబేద్కర్ వేలమందిని ఎందుకు నడిపించారో నేను చదివి తెలుసుకునే ముందే, దోసిట్లో పట్టి తెలుసుకున్నాను.

ఇప్పుడు రేడియేటర్లు అల్యూమినియంవి, ట్యాంకులు ప్లాస్టిక్‌వి. పాత మాటు వాటికి అతకదు. 2014లో అంబాసిడరే ఆగిపోయింది. సాయిబుగారూ లేరు, షెడ్డూ లేదు.

మన మీద పడ్డ దెబ్బల గురించి మనం రాశాం, ఇంకా రాయాలి. మన పనితనం గురించి రాసింది తక్కువ. లంద దగ్గర, కొలిమి దగ్గర, డప్పు కాచే మంట దగ్గర కూర్చున్నవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉన్నారు. ఎంత వేడికి ఏది కరుగుతుందో, ఏది దేనికి అతకదో వాళ్ళకి తెలుసు. వాళ్ళుండగానే అడిగి రాసుకోండి.