సోనాపూర్‌లో లోతు మీటరు

దుబాయిలో పన్నెండేళ్ళుగా ఉంటున్నా సోనాపూర్ వెళ్ళడం నాకదే మొదటిసారి. సర్కారు కాగితాల్లో ఆ ప్రాంతం పేరు ముహైస్నా 2. వరసగా లేబర్ క్యాంపులు, వరండాల్లో ఆరేసిన బట్టలు, పనివాళ్ళ బస్సుల బారులు. హిందీలో బంగారపు ఊరని ఎవరు నామకరణం చేశారో గానీ, మన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో చాలామందికి తెలిసిన పేరే.

నేను వెళ్ళింది ఒక మీటరు కోసం. మిత్రుడి పడవలో పాతికేళ్ళ నాటిది, అడుగున నీటి లోతు చెబుతుంది. దాన్ని కొత్త కంప్యూటరుకి కలిపిపెట్టమన్నాడు. పాత పరికరాల భాష ఎన్ఎంఈఏ 0183. 1983లో వచ్చింది. సెకనుకు 4800 బిట్లు, ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళు వినడమే (మా ఇంట్లోలాగే!). కొత్తది ఎన్ఎంఈఏ 2000లో ఒకే కేబుల్ మీద అందరూ మాట్లాడొచ్చు, వేగం 2,50,000 బిట్లు. యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి మూడు రాత్రులు కుస్తీ పట్టాను. తెర మీద అంతా పిచ్చి అక్షరాలే. షాపువాడు కొత్త మీటరు కొనమన్నాడు. పడవలు రిపేరు చేసే యార్డులో పరిచయమైన జగిత్యాల తమ్ముడు మాత్రం, "ఐతారం క్యాంపుకు రాండ్రి సార్" అన్నాడు.

గదిలో ఆరు మంచాలు. కింది మంచం మీద మీటరు పెట్టి, 12 వోల్టుల అడాప్టర్ తగిలించి, నా వైర్లు చూశాడు.

"ఏ, బీ ఉల్టా పెట్టిండ్రు సార్."

రెండు తీగల మధ్య వోల్టేజి తేడాయే సంకేతం. తిరగేస్తే సున్నా ఒకటవుతుంది, ఒకటి సున్నా. ఇది ఎం.ఎస్.లో చదువుకున్నవాణ్ణి నేను, పట్టుకున్నది తను! తీగలు మార్చగానే వాక్యాలు వచ్చాయి. ఆ భాషలో వాక్యాలు మామూలుగా డాలరు గుర్తుతో మొదలవుతాయి. "డాలర్లొస్తున్నయిరా!" అని పై మంచం మీది పెద్దాయన నవ్వాడు. అంకెలుండాల్సిన చోట మాత్రం వట్టి కామాలు. సెన్సర్ పడవలోనే ఉంది మరి, ఈ ఎడారిలో ఏం లోతు చెబుతుంది?

తమ్ముడి దగ్గర ఒక నోటుబుక్కుంది. ఏ మీటరుకి ఏ రంగు తీగ ఎందుకో, తొమ్మిదేళ్ళుగా తెలుగులో రాసుకున్నాడు. "ఇప్పుడన్నీ కొత్త ప్లగ్గులే సార్. తీగలు చూసే పని తక్కువైంది." కాంట్రాక్టు మార్చితో అయిపోతుందట. ఊళ్ళో ఇదే పని చూసుకోవచ్చుగా అని నోరు జారాను.

"మా ఊళ్ళె సముద్రమేడిది సార్?"

కాసేపాగి పుస్తకం నా చేతికిచ్చాడు. "కంప్యూటర్ల ఎక్కియ్యిండ్రి." రాత్రి తొమ్మిదిదాకా తను చదువుతుంటే నేను టైపు చేశాను. ఒక పేజీలో నూనె మరక పడి రంగు కనబడలేదు. తనకు గుర్తుంది. పసుపు.